మడత బల్ల వచ్చింది, చూద్దురు గాని రండి

మా ఇంటికి మడత బల్ల వచ్చింది. వచ్చి పది రోజులైంది. మీరు ఇంకా చూడనే లేదు! గోడకి అటూ ఇటూ ఉంటున్నాం, ఇదేం అన్యాయమండీ? పాలబ్బాయి చూశాడు. కరెంటు మీటరు రాసుకునే కుర్రాడు చూశాడు. మూడో అంతస్తు మామ్మగారు మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగొచ్చి మరీ చూసి, చేత్తో నిమిరి, కాఫీ తాగి వెళ్ళారు. మీకే తీరిక చిక్కలేదు.

పోనీలెండి, మీరొచ్చేదాకా నేను ఆగలేను. ఇక్కడే చెప్పేస్తాను.

మూసి ఉంటే అది గోడకి ఆనుకుని జానెడు వెడల్పున ఒద్దికగా నిలబడుతుంది. పైన తాళాలు, ఫోన్లు పెట్టుకోవచ్చు. ఒక రెక్క లేపితే ఇద్దరికి కంచాలు పడతాయి. రెండోది కూడా లేపితే నలుగురికి. సర్దుకు కూర్చుంటే ఐదుగురికి. రెక్క కింద ఒక కాలుంది, అది గేటులా తిరిగొచ్చి రెక్కకి ఆసరాగా నిలబడుతుంది. తిరిగేటప్పుడు ఓ చిన్న చప్పుడు చేస్తుంది. మా అమ్మమ్మగారింట్లో దొడ్డి తలుపు గడియ తీస్తే అచ్చం అలాగే ఉండేది. ఆ చప్పుడు కోసమే రోజుకి నాలుగుసార్లు లేపి దింపుతున్నాను. అవసరమా అంటారా? ముచ్చటండీ. ముచ్చటకి అవసరంతో పనేమిటి?

రబ్బరు చెక్క. 6,400 రూపాయలు. ఆగాపురాలో కొన్నాను. బేరం సంగతి తర్వాత.

అసలు ఇదంతా మా మేనకోడలి వల్ల మొదలైంది. ఏడేళ్ళలో నాలుగు ఇళ్ళు మారింది పిల్ల. ఇప్పుడు కొండాపూర్‌లో రెండు పడగ్గదుల ఫ్లాటు అద్దెకి తీసుకుంది. "అత్తా, ఇంట్లో ఒక పరుపు, రెండు సూట్‌కేసులు, ఒక కుక్కరు ఉన్నాయి. శనివారం వచ్చెయ్" అని ఫోను. ఫర్నిచరు కొనడానికి తోడు రమ్మంటే నేను ఆగుతానా? పట్టుచీరల కొట్టుకి పిలిచినా ఇంత హుషారుగా బయల్దేరను.

ముందు రాయదుర్గం వెళ్ళాం. మెట్రో దిగితే ఆ నీలం, పసుపు భవనం కనిపిస్తుంది చూడండి, ఐకియా, అక్కడికి. 2018 ఆగస్టు 9న తెరిచారు దాన్ని. మన దేశంలో వాళ్ళకి అదే మొదటి కొట్టు. ఢిల్లీ, బొంబాయి ఉండగా మన హైదరాబాదుకి వచ్చింది, నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంటుంది. సుమారు 4 లక్షల చదరపు అడుగులు. తెరిచిన కొత్తలో ఆ చుట్టుపక్కల ట్రాఫిక్ కదల్లేదు, గుర్తుందా? మీరూ వెళ్ళారుగా! కుర్చీ కొనడానికి వెళ్ళి బిర్యానీ తిని వచ్చామని మీరే చెప్పారు. లోపల వెయ్యి మంది కూర్చునే హోటలు పెడితే మరేం చేస్తారు లెండి.

అక్కడ నాకు నచ్చేది ఒకటుంది. "ఏం కావాలమ్మా, బడ్జెట్ ఎంతమ్మా" అంటూ వెంటపడేవాళ్ళు ఉండరు. ప్రతి సోఫా మీదా కూర్చోవచ్చు. మంచం మీద పడుకుని చూడొచ్చు. గదులకి గదులే అమర్చి పెడతారు, దీపాలతో సహా. ఒక గదిలోకి వెళ్తే ఎవరో ఇప్పుడే లేచి కాఫీకి వెళ్ళినట్టుంటుంది. నేను ఒక వాలుకుర్చీలో కూర్చుని, పక్కనున్న పుస్తకం తెరిచి, రెండు పేజీలు తిరగేసి, అది స్వీడిష్ భాషలో ఉందని తెలిసి పెట్టేశాను. పావుగంట హాయిగా గడిచింది.

ఆ కొట్టు పెట్టినాయన ఇంగ్వార్ కాంప్రాడ్. చిన్నప్పుడు అగ్గిపెట్టెలు టోకున కొని ఊళ్ళో విడిగా అమ్మాడట. 1943లో, 17 ఏళ్ళ వయసులో, కంపెనీ పెట్టాడు. అక్షరాలు, అంకెలు చదవడంలో ఆయనకి ఇబ్బంది ఉండేది. నంబర్లతో సరుకు గుర్తుండదని వస్తువులకి పేర్లు పెట్టించాడు. సోఫాలకి స్వీడన్‌లో ఊళ్ళ పేర్లు, మంచాలకి నార్వే ఊళ్ళ పేర్లు, పుస్తకాల బీరువాలకి మనుషుల పేర్లు. మనమైతే సోఫాకి తణుకు అనీ, మంచానికి మంథని అనీ పెట్టుకోమూ? "తణుకు మీద కూర్చోండి, మంథని మీద పక్క వేశాను" అంటే ఎంత బావుంటుంది! హైదరాబాదు కొట్టు తెరిచిన ఏడాదే, జనవరిలో, ఆయన పోయాడు. 91 ఏళ్ళు.

ఇంతకీ ఆ కొట్టుకి పేరు తెచ్చింది చదునైన అట్టపెట్టె. 1956 ప్రాంతంలో వాళ్ళ దగ్గర పనిచేసే గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఆయన ఒక బల్లని కారులో పెట్టబోతే పట్టలేదు. కాళ్ళు ఊడదీసి కింద పెట్టుకున్నాడు. అంతే! కాళ్ళు విడిగా, పలక విడిగా పెట్టెలో సర్ది అమ్మితే సరిపోతుందిగా అని తట్టింది. లారీలో గాలిని మోయక్కర్లేదు. ఒక బల్ల పట్టే చోట ఐదారు బల్లలు పడతాయి. కిరాయి తగ్గింది, ధర తగ్గింది, బిగించుకునే పని మనకి వచ్చింది.

ఈ ఉపాయం అంతకు దాదాపు వందేళ్ళ ముందే ఆస్ట్రియాలో మైకేల్ థోనెట్‌కి తట్టింది. ఆయన 14వ నంబరు కుర్చీ 1859 నాటిది. ఆవిరితో కర్రని వంచి చేసినది. మొత్తం 6 ముక్కలు, 10 మరలు, 2 నట్లు. విడదీస్తే ఒక ఘనమీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి! ఆ కుర్చీ మీకు తెలుసు. గుండ్రటి సీటు, వంపు తిరిగిన వీపు. పాత ఇరానీ హోటళ్ళలో పాలరాతి బల్ల చుట్టూ ఉండే కుర్చీలు ఆ వంశానివే. ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటూ ఎన్నిసార్లు కూర్చున్నారో చెప్పండి.

మా తాతయ్యకి వీళ్ళిద్దరి పేర్లూ తెలియవు. కానీ ఆయన ఏం చేసేవాడో తెలుసా? ఇంట్లో పెళ్ళి వస్తే విడిదింటికి మంచాలు పంపాలి. నవారు మంచాలు ఎనిమిది. అరుగు మీద వరసగా పెట్టి విప్పేవాడు. నవారు చుట్టలుగా చుట్టేవాడు. నాలుగు కోళ్ళు, రెండు పొడుగు పట్టెలు, రెండు పొట్టి పట్టెలు. కోళ్ళ బెజ్జాల్లోంచి పట్టెలు లాగేస్తే మంచం కాస్తా కట్టెల మోపు అయిపోయేది. ఎనిమిది మంచాలూ ఒక్క ఎడ్లబండిలో వెళ్ళిపోయేవి. విడిదింట్లో మళ్ళీ బిగించేటప్పుడు ఏ పట్టె ఏ కోడుకి దిగాలో ఎలా తెలుస్తుంది? పట్టె చివరా కోడు మీదా ఉలితో గాట్లు ఉండేవి. ఒక గాటుకి ఒక గాటు, రెండు గాట్లకి రెండు గాట్లు. చీకట్లో వేలితో తడిమి చెప్పేవాడు తాతయ్య, "ఇది మూడు గాట్లది, ఇటు ఇవ్వరా" అని.

రాయదుర్గంలో ఆ అట్టపెట్టెలు చూస్తుంటే నాకు ఆ బండే గుర్తొచ్చింది. విప్పి మోసుకెళ్ళి బిగించుకునే సామాను మనకేం కొత్త కాదండీ. మధ్యలో కొన్నాళ్ళు, ఇల్లు కట్టుకుని కదలకుండా కూర్చున్నప్పుడు, నలుగురు మనుషులు పట్టినా లేవని మంచాలకి అలవాటు పడ్డాం. అంతే.

ఇక మా పెద్దత్తయ్య. ఆవిడ గురించి మీకు చెప్పకపోతే ఈ కథ సాగదు. ఆవిడ ఏ ఇంటికి వెళ్ళినా ముందు బల్లని వేలి కణుపుతో కొడుతుంది. టక్ టక్. "టేకేనా?" మేనకోడలి ఇంట్లో మూల ఒక తెల్లటి చిన్న బల్ల ఉంది, ల్యాక్ అని దాని పేరు. 55 సెంటీమీటర్ల చదరం. ఆవిడ కొట్టింది. డబ్ డబ్ అంది. "డొల్ల!" అని నావైపు చూసింది, నేనేదో నేరం చేసినట్టు.

డొల్లే మరి! కాదని ఎవరన్నారు? పైనా కిందా పలుచటి పలకలు, లోపల అట్టతో చేసిన తేనెపట్టు. ఆరు మూలల గదులు. తేనెటీగ తన ఇంటిని ఎంత తక్కువ మైనంతో ఎంత గట్టిగా కడుతుందో అలాగే. కాఫీ కప్పులు, పేపరు, పూలకుండీ పెట్టుకోవడానికి అది చాలు. చిటికెన వేలితో జరుపుకుంటుంది పిల్ల. ఇల్లు ఊడ్చేటప్పుడు ఒంటిచేత్తో ఎత్తి సోఫా మీద పెట్టేస్తుంది. మా అత్తయ్యగారి టేకు బల్ల కింద 1994 నుంచి ఎవరూ ఊడ్చలేదు. అది నేను ఆవిడతో అనలేదు, మీతోనే చెబుతున్నాను. గోడ దాటనివ్వకండి.

టేకు అంటే నాకు చిన్నచూపేమీ లేదు. మా ఇంట్లో నాన్నగారి రాతబల్ల ఉంది, టేకుదే, ప్రాణంతో సమానం. కానీ మూడు తరాలు ఉండాలని ప్రతి వస్తువునీ కొనక్కర్లేదు. పాతికేళ్ళ పిల్ల అద్దె ఇంట్లో ఇవాళ సంతోషంగా కూర్చోడానికి ఒక కుర్చీ కావాలి. ఆ కుర్చీ ఆమెకి నచ్చిన ఆవపువ్వు రంగులో ఉండాలి. అది చాలదూ?

చవకగా కొనేటప్పుడు తెలిసి కొనాలి, అంతే. ఇక్కడ కాస్త దగ్గరికి జరగండి, ఇవి అసలు కబుర్లు.

చెక్క అని అమ్మేవన్నీ ఒకటి కావు. పార్టికల్ బోర్డు అంటే చెక్క ముక్కలు, పొట్టు జిగురుతో కలిపి ఒత్తి చేసిన పలక. ఎండీఎఫ్ అంటే చెక్కని ఇంకా నలగగొట్టి నార చేసి ఒత్తినది, నున్నగా ఉంటుంది, రంగు బాగా పడుతుంది. ప్లైవుడ్ అంటే పల్చటి పొరలు, ఒకటి నిలువు, ఒకటి అడ్డం, అలా అంటించినది. మూడింట్లో పార్టికల్ బోర్డు చవక, ప్లైవుడ్ గట్టి. ప్లైవుడ్ మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 అని ఉంటే మామూలు వాడకానికి, 710 అని ఉంటే నీళ్ళకి తట్టుకునే రకం. వంటింట్లో సింకు కింద అరకి 710 వేయించుకోండి. పడగ్గదిలో అల్మరాకి అంత అక్కర్లేదు.

పార్టికల్ బోర్డుకి శత్రువు నీళ్ళు. తడిసిందా, చాయ్‌లో వదిలేసిన రస్కులా ఉబ్బుతుంది, మళ్ళీ యథాస్థితికి రాదు. మనమేమో ఉగాది వచ్చినా సంక్రాంతి వచ్చినా బకెట్లతో నీళ్ళు గుమ్మరించి ఇల్లు కడిగే జాతి! ఆ బీరువా అడుగు నేలకి ఆనుకుని ఉంటే రెండు పండగలకి దాని పని సరి. కాబట్టి కాళ్ళున్నది కొనండి. ఇనప కాళ్ళైతే ఇంకా మంచిది. చెక్క కాళ్ళైతే కింద రబ్బరు బుష్షులు తొడగండి, జత ఖర్చు ఎంతని? అంచుల్లో పట్టీ అంటిస్తారు, ఎడ్జ్ బ్యాండ్ అంటారు దాన్ని. దాని మీద గోరు పెట్టి గీసి చూడండి. గోరు పట్టుకుంటే రేపు నీళ్ళూ అక్కడే దూరతాయి. కొట్టువాడు ఏమనుకుంటాడో అని మొహమాటపడకండి. మామిడిపండు వాసన చూడకుండా కొంటారా మీరు?

రబ్బరు చెక్క సంగతి చెప్పానా? నా బల్లది అదే. కేరళలో రబ్బరు తోటలు ఉంటాయి కదా. పాతిక, ముప్ఫై ఏళ్ళు పాలు ఇచ్చాక చెట్టు వట్టిపోతుంది. దాన్ని కొట్టి కొత్త మొక్క వేస్తారు. ఒకప్పుడు ఆ చెట్టు పొయ్యిలోకే పోయేది. ఇప్పుడు పురుగు పట్టకుండా మందు పట్టించి, ఆరబెట్టి, బల్లలు చేస్తున్నారు. లేత రంగు, మజ్జిగలో చిటికెడు పసుపు కలిపినట్టు. జీవితమంతా పాలిచ్చి, తర్వాత మా ఇంట్లో అన్నం బల్ల అయింది. నాకు ఆ చెట్టు మీద ఎంత ఇష్టం పుట్టిందో చెప్పలేను.

ఇక బేరం సంగతి. ఆ మడత బల్లకి ఆగాపురాలో కొట్టు భాయ్ 7,500 చెప్పాడు. నేను ధర మాట్లాడలేదు. "బోర్లా తిప్పి చూపించు భాయ్" అన్నాను. చూశారా, ఈ ఒక్క మాట నేర్చుకోండి. బల్ల పైభాగం అందరికీ అందంగానే కనిపిస్తుంది. పనితనం అడుగున ఉంటుంది. కాళ్ళు పలకకి కలిసేచోట మూలల్లో ఆసరా దిమ్మలు ఉన్నాయా? మేకులు కొట్టారా, మరలు బిగించారా? మేకు కొన్నాళ్ళకి వదులై ఊగుతుంది. మర అయితే మళ్ళీ బిగించుకోవచ్చు. భాయ్ నావైపు ఒకసారి చూసి, బల్ల తిప్పి, టార్చి కూడా వేశాడు. మరలే. దిమ్మలూ ఉన్నాయి. "మీకు పని తెలుసమ్మా, 6,400 ఇవ్వండి" అన్నాడు. ఇద్దరం చాయ్ తాగాం. అదీ బేరం.

నుమాయిష్‌లో కూడా ఇలాగే అడగండి. మామూలుగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో జరిగే ఎగ్జిబిషన్ అది. 1938లో మొదలైంది మరి! సహారన్‌పూర్ నుంచి చెక్కుడు పనివాళ్ళు వస్తారు. చివరి మూడు రోజుల్లో వెళ్ళండి. మిగిలిన సరుకు మళ్ళీ లారీకి ఎక్కించుకోవడం ఎవరికి ఇష్టం?

కొలతలు! అయ్యో, కొలతల గురించి చెప్పకుండా ఎక్కడెక్కడో తిరుగుతున్నాను. కొట్టులో ప్రతి సోఫా చిన్నగా కనిపిస్తుంది. అక్కడి పైకప్పు అంత ఎత్తు మరి. ఇంటికి వచ్చాక అదే సోఫా ఏనుగు పడుకున్నట్టుంటుంది. అందుకని నేనేం చేయిస్తానంటే, పాత పేపర్లు సోఫా కొలతకి పరిచి, నేలకి టేపు అంటించి, రెండు రోజులు వాటి చుట్టూ తిరగమంటాను. తలుపు తెరిస్తే పేపరుకి తగిలిందా? రాత్రి నీళ్ళకి లేస్తే కాలికి తగిలిందా? అయితే చిన్నది కొనండి. లిఫ్టు లోపల ఎత్తు, వీధి తలుపు వెడల్పు, మెట్ల మలుపు కూడా కొలవండి. మా పిల్ల మొదట నవ్వింది. తర్వాత మూడు సీట్ల సోఫా వదిలి రెండు సీట్లది తెచ్చుకుంది. ఇప్పుడు బాల్కనీలోకి వెళ్ళడానికి దారి ఉంది.

అన్నం బల్లకి నా కొలత వేరు. స్టీలు కంచం వెంట తీసుకెళ్ళాను. నిజంగానే, సంచిలో పెట్టుకుని! మనిషికి రెండడుగుల వెడల్పు ఉంటే మోచేతులు తగలవు. కానీ మన భోజనం ఒక్క కంచంతో అవుతుందా? మధ్యలో అన్నం గిన్నె, పప్పు, పులుసు, పచ్చడి జాడీ, నెయ్యి, మజ్జిగ, మంచినీళ్ళు. రెస్టారెంటు బల్లలా సన్నగా ఉంటే పచ్చడి ఒళ్ళో పెట్టుకోవాలి. అందుకని అడ్డం రెండున్నర అడుగులకి తగ్గనివ్వకండి. ఆగాపురాలో ఆ బల్ల మీద నా కంచం పెట్టి, మధ్యలో చేతులతో గిన్నెల చోటు చూపిస్తే, పక్కనున్న ఇద్దరు కొనుగోలుదారులు కూడా ఆ కంచం అడిగి తీసుకుని వాళ్ళ బల్లలు కొలుచుకున్నారు.

కూర్చునే ఎత్తు ఇంకో సంగతి. ఈ కాలపు సోఫాలు నేల మీద పరుచుకున్నట్టు కిందికి ఉంటాయి. ఫొటోలో బావుంటాయి. మామగారు వస్తే లేవలేరు. 18 అంగుళాలు ఉంటే పెద్దవాళ్ళకి సుఖం. స్పాంజి ఎంత డెన్సిటీ అని అడగండి. ఘనమీటరుకి ఎన్ని కిలోలన్నది ఆ లెక్క. 40 అంటే సోఫా సీటు చాలాకాలం నిలుస్తుంది. తక్కువది అయితే ఏడాదిలో గుంట పడి, ఆ గుంటలోనే ఇంటిల్లిపాదీ జారుతుంటారు. వీపు వెనక మెత్తలకి తక్కువైనా ఫర్వాలేదు, అక్కడ బరువు పడదు. ఊరికే వేలితో నొక్కి లేవకండి. పది నిమిషాలు కూర్చోండి. మీ ఆయన్ని కూడా కూర్చోబెట్టండి. ఆయన పేపరు తెచ్చుకుంటే ఇంకా మంచిది.

ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ తగ్గించకూడదు అంటారా? పరుపు, రోజంతా కూర్చుని పనిచేసే కుర్చీ, ఈ రెండింటి దగ్గర చెయ్యి వెనక్కి తీయకండి. నడుము మళ్ళీ కొనుక్కోలేం. చిన్న బల్లలు, అరలు, దీపాలు, చెప్పుల స్టాండు, వీటికి ఎంత చవకైతే అంత సరదా. రంగు మార్చుకోవచ్చు, విసుగొస్తే ఇంకొకరికి ఇచ్చేయొచ్చు.

పుస్తకాల అర కొంటే మాత్రం బరువు చూసుకోండి. ఐకియాలో బిల్లీ అని 1979 నుంచి అమ్ముతున్న అర ఉంది. 80 సెంటీమీటర్ల వెడల్పున్న దాని పలకకి 30 కిలోలు చాలు అంటారు. మీ ఇంట్లో సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎనిమిది సంపుటాలూ ఉన్నాయని నాకు తెలుసు. వాటిని అన్నిటికన్నా కింద పెట్టండి. ఎత్తైన అరని గోడకి బిగించండి. ఇంట్లో పసిపిల్లలుంటే ఇందులో వాదన లేదు, సొరుగులు మెట్లనుకుని ఎక్కేస్తారు, బీరువా మీద పడుతుంది. ఓనరుగారు గోడకి బెజ్జం పెట్టనివ్వరా? అడగండి, బతిమాలండి, ఖాళీ చేసేటప్పుడు లప్పం పెట్టించి ఇస్తానని మాటివ్వండి. ఇంటి గోడ మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్ళు పిల్లల మాట వింటే కరగకపోరు.

ఇక బిగించే సాయంత్రం! దానికోసమే అట్టపెట్టెల సామాను కొనాలంటాను నేను. మేనకోడలు, ఆమె భర్త, ఎదురింటి పదేళ్ళ పిల్లాడు, నేను. వాడిని ఎవరూ పిలవలేదు, స్క్రూడ్రైవరు చప్పుడు విని వచ్చాడు. పెట్టెలో ఇచ్చే కాగితంలో ఒక్క మాట ఉండదు, అన్నీ బొమ్మలు. గుండ్రటి తల మనిషి ఒంటరిగా ఉంటే దిగులుగా ఉంటాడు, పక్కన ఇంకొకడు ఉంటే నవ్వుతాడు. మా తాతయ్య గాట్లలాగే, చదువు రానివాళ్ళకీ అర్థమవుతుంది. మరలు, చెక్క చీలలు, గుండ్రటి బిళ్ళలు కలిసిపోకుండా నేను ఇడ్లీ ప్లేటు తెప్పించాను. ఒక్కో గుంటలో ఒక్కో రకం! పిల్లాడు ఇడ్లీ ప్లేటు పట్టుకుని డాక్టరు పక్కన నర్సులా నిలబడి, "బావా, నాలుగో గుంటదా?" అని అందించాడు.

ఒక్కటి గుర్తుంచుకోండి. మొదటి మర పూర్తిగా బిగించేయకండి. అన్నీ సగం సగం తిప్పి, నాలుగు కాళ్ళూ నేలకి ఆనాయని చూసుకుని, అప్పుడు వరసగా బిగించండి. లేకపోతే చివరి బెజ్జం కలవదు. ఎల్ ఆకారంలో చిన్న ఇనప కడ్డీ ఇస్తారు, అలెన్ కీ. అది పారేయకండి. నా దగ్గర పదకొండు ఉన్నాయి, పాత హార్లిక్స్ సీసాలో. ఆర్నెల్లకోసారి ఇంట్లో బల్లలన్నీ ఒక చుట్టు బిగిస్తాను. గట్టిపడిన కుర్చీలో కూర్చుంటే ఆ సుఖమే వేరు.

అన్నిసార్లూ ఇంత సాఫీగా జరగదు. రెండేళ్ళ క్రితం ఇంకోచోట తెప్పించిన రాతబల్లకి ఎనిమిది మరలకి ఏడే వచ్చాయి. ఆ ఒక్క మర కోసం పదకొండు రోజులు ఫోన్లు చేశాను. చివరికి వచ్చింది, మోకాలెత్తు అట్టపెట్టెలో, అడుగున దొర్లుతూ. అప్పట్నుంచీ పెట్టె విప్పగానే ముందు లెక్క పెడతాను. మీరూ పెట్టండి.

పెద్దత్తయ్య కథ అయిపోలేదు. ఆవిడ కొండాపూర్‌లో అన్నీ తట్టి చూసి, చివరికి ఒక మూల మూడు కాళ్ళ గుండ్రటి స్టూలు దగ్గర ఆగింది. తేలికైనది, ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టుకునేది. ఫిన్లాండ్‌లో అల్వార్ ఆల్టో 1933లో గీసిన స్టూలు పోలికలే. ఆవిడ దాన్ని తట్టలేదు. వంగి, ఎత్తి, తిరగేసి చూసి, "ముక్కాలి పీట!" అంది. గొంతు మారిపోయింది. వాళ్ళ అమ్మగారు దానిమీద కూర్చుని మజ్జిగ చిలికేవారట. షాబాద్ బండల నేల, ఎగుడుదిగుడు. నాలుగు కాళ్ళ పీట ఎక్కడో ఒకచోట లొటలొటలాడుతుంది. మూడు కాళ్ళది ఎలాంటి నేల మీదైనా కుదురుగా నిలబడుతుంది, మూడు కాళ్ళూ ఎప్పుడూ నేలకి ఆనే ఉంటాయి కాబట్టి. ఆవిడ దానిమీద కూర్చుంది. మేనకోడలు పెట్టిన కాఫీ తాగింది. అరగంట లేవలేదు. "ఎంతే ఇది?" అని అడిగింది. చెప్పాం. "ఒకటికి అంతా, రెండింటికా?" అంది.

రెండు కావాలట ఆవిడకి. ఈ ఆదివారం నేనూ మేనకోడలూ వెళ్తున్నాం, పదింటికి. ముందు రాయదుర్గం, తిరుగుదారిలో ఆగాపురా. ఆటోలో ఒక చోటు ఉంది. మీ హాల్లో కిటికీ కింద ఆ ఖాళీ ఎంతో కొలిచి ఉంచండి, చాన్నాళ్ళుగా దానిమీద నాకు కన్నుంది. కొలిచే టేపు మీదే తేవాలి, నాది మూడో అంతస్తు మామ్మగారు పట్టుకెళ్ళారు. కంచం నేను తెస్తాను.